నడవకుండా తిరిగొచ్చిన బూట్లు

నేను తొమ్మిదో నంబరు విడిది దగ్గర జీపు ఆపేసరికి క్లేటన్ రస్క్ అప్పటికే దోషిని తేల్చేశాడు. నేరం ఏమిటన్నదే ఇంకా తేలాలి.

దోషి సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, ఎండకి ముక్కు మీది తోలు ఊడిపోయింది. చేతులకి సంకెళ్ళు ఇంకా పడలేదు గానీ, ఎప్పుడు వేస్తారో వేసుకోండన్నట్టు రెండూ ముందుకి చాపుకుని ఉన్నాడు. పేరు గున్నర్ టోర్‌స్టాడ్. ఉత్తరాన మినెసోటా నుంచి భార్య మారెన్‌తో కలిసి, నేను రేంజరుగా పనిచేసే సియెర్రా పార్దా పార్కులో వారం రోజులు గుడారం వేసుకుని ఉందామని వచ్చాడు. నిన్న పొద్దుటి నుంచి మారెన్ కనిపించడం లేదు.

మే నెలాఖరు. నిన్న నీడలో నలభై మూడు డిగ్రీలు కాసింది. ఈ కొండల్లో చాలినన్ని నీళ్ళు లేకుండా ఒక మధ్యాహ్నం తట్టుకున్న వాళ్ళని చూశాను. రెండో మధ్యాహ్నం తట్టుకున్న వాళ్ళని చూడలేదు. ఇప్పుడు పొద్దున ఎనిమిది కావస్తోంది.

"రండి, బర్రాసా మేడమ్," అన్నాడు రస్క్. ఇస్త్రీ చొక్కా, నల్లకళ్ళద్దాలు. కౌంటీ షెరీఫ్ గారి డిటెక్టివ్. హ్యూస్టన్ నుంచి బదిలీ అయి వచ్చి మూడేళ్ళయినా ఇక్కడి దుమ్ము ఆయన మీద వాలడానికి భయపడుతుంది. "మీరు వచ్చేలోపు సగం పని అయిపోయింది."

"మిగతా సగం ఏంటి? అమ్మాయి దొరకడమా?"

"శవం దొరకడం."

బల్ల మీది మనిషి కళ్ళు మూసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"రస్క్ గారూ, చెప్పేవాడికి వినేవాడు లోకువ. నాకు మొదటి నుంచీ చెప్పండి."

చెప్పాడు. నిన్న పొద్దున ఆరింటికి గున్నర్ కారేసుకుని ఊళ్ళోకి వెళ్ళాడు, ఐసుకీ పొయ్యి గ్యాసు డబ్బాకీ. పదిన్నరకి తిరిగొచ్చాడు. భార్య లేదు. నడకబూట్లు గుడారం ముందే ఉన్నాయి. మామూలు చెప్పులు గుడారం లోపలే ఉన్నాయి. ఆమె తెచ్చుకున్నవి ఆ రెండు జతలే. ముందురోజు సాయంత్రం మొగుడూ పెళ్ళాలు అరుచుకోవడం విడిది చూసుకునే వర్లీన్ పేట్ విన్నది. గున్నర్ కారులో నెత్తురంటిన తువాలు దొరికింది.

"మీ కొండల్లో ఉత్తకాళ్ళతో ఎవరైనా షికారుకి పోతారా?" అన్నాడు రస్క్. "పోరు. అంటే ఆమె నడిచి వెళ్ళలేదు. కారులో వెళ్ళింది. డిక్కీలో. అందుకే హెలికాప్టర్నీ కుక్కల్నీ ఊరి రోడ్డు వైపు పంపించాను."

"హెలికాప్టర్ కొండల మీద తిరగడం లేదా?"

"లేదు."

"పదకొండు దాకా దాన్ని నాకివ్వండి. కొండల మీదికి పంపండి."

"ఎందుకు? మీ చెమా గారే నిన్న చెప్పారుగా, బూట్లిక్కడే ఉన్నాయి కాబట్టి మనిషి కొండెక్కలేదని. మీ మాట వినకపోవచ్చు గానీ ఆయన మాట కాదనడానికి నేనెవర్ని?"

చెమా నటివిదాద్ మాట కాదనడం మా జిల్లాలో ఎవరి వల్లా కాదు. దారి తప్పిన వాళ్ళని వెతికే వాలంటీర్ల దళానికి ఆయన పెద్ద. ఈ కొండల్లో ఆయన ఎత్తుకుని దించిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకుంటున్నారు. పైగా మా అమ్మాయి లూసెరోకి జ్ఞానతండ్రి. చర్చిలో బాప్తిస్మం నాడు పిల్లని చేతుల్లోకి తీసుకున్న రోజు నుంచి నేను ఆయనకి కొమాద్రె, ఆయన నాకు కొంపాద్రె. మా ఆయన పోయాక పెద్దదిక్కుగా నిలబడింది కూడా ఆయనే. ఇన్నేళ్ళయినా ఒకరినొకరం 'మీరు' అనే అనుకుంటాం. వియ్యంకుల మర్యాద లాంటిది అది.

ఆయన ట్రక్కు అక్కడే మెస్కీట్ చెట్టు పక్కన ఆగి ఉంది. వెనక తలుపు దించి నీళ్ళడబ్బా కడుతున్నాడు.

"కొమాద్రె, ఏమైనా తిన్నారా?" గుడ్డూ పచ్చిమిరపకాయా పెట్టి చుట్టిన బురిటో రొట్టె ఒకటి నా చేతిలో పెట్టాడు. "ఖాళీ కడుపుతో రస్క్‌తో మాట్లాడితే పుండు పడుతుంది."

"నిండు కడుపుతో మాట్లాడితే వాంతి అవుతుంది."

ఆయన నవ్వాడు. డబ్బా చుట్టూ తాడు రెండు చుట్లు తిప్పి, కొసని కిందికి దోపి వదిలేశాడు. ముడి వెయ్యడు. ముడి వేస్తే ఎండకి బిగుసుకుపోతుంది, అవసరమైనప్పుడు విప్పలేం అంటాడు. రెండు చుట్లు, ఒక దోపు. మా లూసెరోకి ఏడేళ్ళప్పుడు ఇదే విడిదిలో ఇదే పాఠం చెప్పాడు. మిగతా జిల్లా అంతా ముడులు వేసుకునే బతుకుతోందనుకోండి, అది వేరే సంగతి.

"ట్రక్కు నిండా ఈ పాత పేపర్లేంటి కొంపాద్రె? ఈ రోజుల్లో పేపరెవరు చదువుతున్నారు?"

"చదవడానిక్కాదు, అద్దాలు తుడవడానికి." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ కుర్రాణ్ణి చూస్తే జాలేస్తోంది. కానీ రస్క్ అన్నది అబద్ధం కాదు. మీరు ఊరికే ఒళ్ళు హూనం చేసుకోకండి. మొక్కల దొంగల వెనక మూడు నెలలుగా తిరుగుతున్నది చాలదా?"

అదీ నిజమే. మార్చి నుంచి పాదరసపు గని వైపు వాలులో ఎవరో చిన్న చిన్న గుంటలు తీస్తున్నారు. రాయిలా నేలలో దాక్కుని బతికే ఒక రకం నాగజెముడు అక్కడ మాత్రమే పెరుగుతుంది. అరచేతిలో పట్టే మొక్కకి యాభై ఏళ్ళు వయసుంటుంది. దాన్ని పెకలించి, సముద్రాల అవతల గాజు ఇళ్ళలో పెట్టుకునే పిచ్చివాళ్ళకి అమ్ముకుంటున్నారు. నేను గుంటలు చూస్తున్నాను గానీ మనిషిని మాత్రం చూడలేకపోతున్నాను. కాపు కాసిన ప్రతిసారీ వాడు రాడు. కాపు మానేసిన మర్నాడు వస్తాడు.

బురిటో జేబులో పెట్టుకుని గున్నర్ ఎదురుగా కూర్చున్నాను.

"ఎందుకు అరుచుకున్నారు?"

"నేను ఇంటికెళ్ళిపోదామన్నాను మేడమ్. ఈ ఎండ నా వల్ల కాలేదు. మా ఊళ్ళో చెరువులుంటాయి. మారెన్ ఒప్పుకోలేదు. వెళ్తే నువ్వెళ్ళు, నేను రానంది."

"నెత్తురు?"

"నాదే. ముక్కులోంచి. మూడు రోజులుగా కారుతోంది."

"చూశారా?" అన్నాడు వెనక నుంచి రస్క్. "ముక్కట. అందరిదీ ఇదే కథ."

"తల ఎత్తు బాబూ," అన్నాను. రెండు ముక్కుపుటాల్లోనూ నల్లగా ఎండిన పక్కు. "రస్క్ గారూ, మీరు ఇక్కడికొచ్చిన కొత్తలో పది రోజులు ముక్కులో దూది పెట్టుకుని తిరిగారు. పొడిగాలి పడని ప్రతివాడూ హంతకుడైతే, ముందు మిమ్మల్ని లోపలెయ్యాలి."

చెమా అటు తిరిగి దగ్గాడు. రస్క్ కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"నెత్తురు ఎవరిదో పరీక్షలో తేలుతుంది," అన్నాడు.

"తేలేలోపు ఆ అమ్మాయి ఎండిపోతుంది." గున్నర్ వైపు తిరిగాను. "ఆమె సామాన్లలో ఇంకేమైనా పోయిందా?"

"వీపుకి తగిలించుకునే నీళ్ళసంచి. టోపీ. నిన్ననే చెప్పాను. ఆయన రాసుకోలేదు."

"నువ్వే దాచి ఉంటావని రాసుకోలేదు," అన్నాడు రస్క్.

నీళ్ళసంచీ టోపీ పట్టుకుని, బూట్లు వదిలేసి వెళ్ళే మనిషి ఈ భూమ్మీద ఉండదు. వాటిని దాచే తెలివి ఉన్న మొగుడు బూట్లు కూడా దాస్తాడు. కథ ఎటు తిప్పినా ఒక కాలు పొట్టిగా ఉంది. నేను బూట్లు చూపించమన్నాను.

రస్క్ మనుషులు వాటిని ఒక ప్లాస్టిక్ సంచిలో, సాక్సుల్ని వేరే సంచిలో వేసి ముద్ర వేశారు. విప్పడానికి వీల్లేదన్నాడు. విప్పనక్కర్లేదు, తిరగేస్తే చాలన్నాను.

అడుగుభాగంలో లోతైన గాళ్ళు. ఆ గాళ్ళ నిండా ఎర్రదుమ్ము. మామూలు ఎరుపు కాదు, నుదుట పెట్టుకునే కుంకుమ లాంటి ఎరుపు. విడిది దగ్గర నేల బూడిద రంగు. శిఖరం దారిలో అంతా నల్లరాయి. ఈ ఎరుపు పార్కు మొత్తం మీద ఒక్కచోటే ఉంది. పాదరసం తీసే రోజుల్లో గని వాళ్ళు తవ్వి పారబోసిన మట్టిదిబ్బ మీద.

"గున్నర్, మీరిద్దరూ గని వైపు ఎప్పుడైనా వెళ్ళారా?"

"లేదు మేడమ్. వెళ్దామని ఆమె అంటూనే ఉంది. నేనే రాలేదు."

"అయితే నిన్న ఒంటరిగా వెళ్ళింది. ఈ బూట్లతోనే."

రస్క్ నవ్వాడు. "వెళ్ళి తిరిగొచ్చింది. బూట్లు విప్పుకుంది. అప్పుడు ఇతను పనికానిచ్చాడు. నాకే ఉపకారం చేశారు మేడమ్."

"నడిచి తిరిగి రాలేదు."

"ఎలా చెప్తారు?"

నేను ఆయన్ని చెయ్యిపట్టుకుని విడిది అంచుకి లాక్కెళ్ళాను. అక్కడి నుంచి ఎండువాగు మొదలవుతుంది. వాగంటే నీళ్ళు కాదు. ఏడాదికి రెండు మూడు సార్లు పారి, మిగతా రోజుల్లో ముతక ఇసకగా పడుండే దారి. గని నుంచి కాలినడకన వచ్చేవాడు ఎవడైనా సరే మైలు దూరం ఈ ఇసకలోనే నడవాలి. రెండు పక్కలా నిట్టనిలువు గట్లు.

"మీ బూటు చూపించండి," అన్నాను.

పొద్దున కారు దిగి బూడిదమట్టిలో తిరిగాడు కాబట్టి గాళ్ళ నిండా అదే ఉంది. ఇసకలోకి దిగి అటు చివర ముళ్ళపొద దాకా నడిచి రమ్మన్నాను. గొణుక్కుంటూ వెళ్ళాడు, వచ్చాడు. కాలు ఎత్తి చూశాడు. బియ్యం కడిగిన గిన్నెలా ఉంది అడుగు.

"ఇది ఇంత దూరానికే," అన్నాను. "మైలు నడిస్తే గాళ్ళలో ఎర్రదుమ్ము రవ్వంతైనా మిగలదు. ఆ బూట్లు గని దాకా కాళ్ళమీద వెళ్ళాయి. తిరిగి చేతుల్లో వచ్చాయి. ఎవరో పట్టుకొచ్చి ఇక్కడ పెట్టారు. మనిషి ఇంకా అక్కడే ఉంది."

రస్క్ ఇంకో కాలు కూడా ఎత్తి చూసుకున్నాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు, తొందరగలవాడు. ఆ రెండూ కలిసిపోతే చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

"పట్టుకొచ్చింది మొగుడే ఎందుకు కాకూడదు?" అన్నాడు చివరికి. "ఊరికి వెళ్ళే ముందు గనికి వెళ్ళాడు."

"గని రోడ్డుకి అడ్డంగా గొలుసు, తాళం. తాళంచెవులు రెండే. ఒకటి నా నడుముకి ఉంది. రెండోది వెతికే దళం దగ్గర."

ఈ మాట అన్నది నేనే. నా చెవులతో నేనే విన్నాను. అయినా బుర్రలోకి ఎక్కలేదు.

"తాళం లేకపోతే ఏం, నడిచి వెళ్ళొచ్చుగా!"

"గనికి గంటన్నర నడిచి వెళ్ళి, గంటన్నర నడిచి వచ్చి, ఊళ్ళో ఐసు కొని పదిన్నరకి తిరిగి రావాలంటే రెక్కలుండాలి. అతని దగ్గర మీరు తీసుకున్న దుకాణం బిల్లు మీ జేబులోనే ఉంది. ఎన్నింటికి కొన్నాడో మీరే చూసుకోండి."

చూసుకున్నాడు. ఎనిమిదింబావు. ఊరు ఇక్కడికి గంటన్నర దారి. రస్క్ బిల్లుని మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"సరే. హెలికాప్టర్ని వెనక్కి పిలుస్తాను. కానీ అది ఇంధనం నింపుకుని రావడానికి గంట పడుతుంది. ఇతన్ని మాత్రం కదలనివ్వను."

గంట ఆగడం నా వల్ల కాదు. చెమా దగ్గరికి పరిగెత్తాను. గని సంగతి చెప్పాను. ఎర్రదుమ్ము సంగతీ చెప్పాను. ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"నిన్న సాయంత్రం అటు నేనే వెళ్ళొచ్చాను కొమాద్రె. దిబ్బ అంతా తిరిగాను. పిట్ట కూడా లేదు."

"వాలు కింద చూశారా? లెచుగియా దాటి?"

లెచుగియా అంటే మోకాలెత్తు కత్తుల చేను. ఆకు చివర సూది తోలుబూటులో కూడా దిగుతుంది. గని కింద వాలంతా అదే.

"అందులోకి ఎవరు దిగుతారు?" అని టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "మీ మనసుకి సమాధానం కావాలంటే మళ్ళీ వెళ్తాను. తాళం నా దగ్గరుంది. మీరు దక్షిణపు లోయ చూడండి. ఇద్దరం ఒకచోటికే పోతే ఏం లాభం? కనిపిస్తే వాకీటాకీలో పిలుస్తాను."

"దేవుడు మీకు మేలు చెయ్యాలి కొంపాద్రె."

"చాలాసార్లు చేశాడు," అంటూ ట్రక్కు ఎక్కాడు.

ఆ ట్రక్కు మలుపు తిరిగేదాకా నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ ఆ చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

జీపులోకి నీళ్ళు ఎక్కిస్తుంటే వర్లీన్ పేట్ మంచుముక్కల సంచి మోసుకుంటూ వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. తన ఇంటిబండిలోనే ఏడాదిలో సగం ఇక్కడ ఉంటుంది. విడిదిలో ఎవరు ఎప్పుడు దగ్గారో కూడా ఆవిడకి తెలుసు.

"వర్లీన్, నిన్న పొద్దున ఈ పిల్లాడు వెళ్ళాక తొమ్మిదో నంబరు వైపు ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదే. ఆ రస్క్‌కి కూడా అదే చెప్పాను. మనవాళ్ళు తప్ప బయటి పురుగు ఒక్కటి రాలేదు."

సరేనని జీపు ఎక్కబోతూ గున్నర్ దగ్గర ఆగాను. ఒక సంగతి గోరుచుట్టులా సలుపుతోంది. బూట్లు ఒక సంచిలో, సాక్సులు ఇంకో సంచిలో.

"సాక్సులు ఎక్కడున్నాయి బాబూ? బూట్ల లోపలా?"

"కాదు మేడమ్, బూట్ల మీద. మూతికి తొడిగి ఉన్నాయి. అదే నాకు నవ్వొచ్చింది. మారెన్ సాక్సులు ఏ రోజువి ఆ రోజు ఉతికి తాడు మీద ఆరేస్తుంది. మా ఊళ్ళో ఎవరూ ఇలా పెట్టరు. ఇక్కడికొచ్చి కొత్త పద్ధతి నేర్చుకుందనుకున్నాను. రాగానే ఏడిపిద్దామని ఫోటో కూడా తీశాను." జేబులో ఫోను తడుముకున్నాడు. "ఏడిపిద్దామని, మేడమ్."

ఇక్కడ పుట్టినవాడు ఎవడూ బూటు మూతి తెరిచి పెట్టడు. తేలు దూరుతుంది. కొందరు తిరగేసి కర్రలకి గుచ్చుతారు, కొందరు కొమ్మకి వేలాడదీస్తారు, కొందరు సాక్సు తొడుగుతారు. ఎలా పెట్టినా, పెట్టేటప్పుడు బుర్ర పనిచెయ్యదు. చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. ఇంటి తలుపు గొళ్ళెం వేసినట్టే. ఎవడో ఆ అమ్మాయి బూట్లు పట్టుకొచ్చి, ఇంకెప్పటికీ తొడుక్కోదని తెలిసి కూడా, వాటిలో తేలు దూరకుండా జాగ్రత్తపడ్డాడు.

"ఫోటో చూపించు."

ఫోను నా చేతికిచ్చాడు. వెలుతురికి అడ్డం పెట్టుకుని చూశాను. గుడారం తలుపు ముందు రెండు బూట్లు, పక్కపక్కనే, బుద్ధిగా. మూతులకి బూడిదరంగు సాక్సులు. సాక్సు జారిపోకుండా బూటు మెడ చుట్టూ లేసు చుట్టి ఉంది.

ఫోటోని పెద్దది చేశాను. ముడి లేదు. రెండు చుట్లు. ఒక దోపు.

నాకు కనిపించింది మారెన్ బూట్లు కాదు. మా ఇంటి వరండాలో, మా లూసెరో చిన్నప్పటి ఎర్రబూట్లు. విడిది నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ నిద్రపోతున్న పిల్లని నాకు అందించి, ఆ బూట్లని ఆయనే ఇలా కట్టి గుమ్మం పక్కన పెట్టి వెళ్ళేవాడు. ఎన్నిసార్లు విప్పానో ఆ దోపుని. ఈ చేతులకి తెలుసు.

"వర్లీన్!" మంచుసంచి దింపుతున్న ఆవిడ వైపు తిరిగాను. "మనవాళ్ళు తప్ప అన్నావ్. మనవాళ్ళంటే ఎవరు?"

"ఇంకెవరమ్మా? చెమా. తొమ్మిదిన్నరకి నేను మరుగుదొడ్లు కడగడానికి పోతుంటే ట్రక్కులో ఇటు వచ్చాడు. ఆయన రోజూ వస్తూనే ఉంటాడుగా. ఆయన్ని కూడా చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. మేమెవ్వరం చెప్పలేదు. గొలుసు తాళం ఆయన దగ్గరుందని నాకు తెలుసు, ఆయన్ని లెక్కలో వెయ్యలేదు. నేను ఎప్పుడు కాపు కాస్తానో, ఎప్పుడు మానేస్తానో ఆదివారం భోజనాల దగ్గర నేనే చెప్పాను. ట్రక్కు నిండా పాత పేపర్లు ఎందుకో నిన్నగాక మొన్న పుట్టిన పిల్లకి కూడా అర్థమవుతుంది. మొక్కలు చుట్టడానికి. కంచే చేను మేసింది. ఆ మేతని మారెన్ కళ్ళారా చూసింది.

ఆయన ఆమెని చంపి ఉండడు. చంపగలిగే మనిషి కాదు, అది మాత్రం ఇప్పటికీ నమ్ముతున్నాను. చంపనక్కర్లేదు కూడా. ఆ కత్తుల చేను అవతలికి తోసి బూట్లు ఊడబెరుక్కుంటే చాలు. మిగతాది ఎండ చూసుకుంటుంది. ఎవరూ అటు వెతక్కుండా చూడ్డమే ఆయన పని. దొంగచేతికి తాళాలిచ్చినట్టు, ఆ పని మీద ఇప్పుడు ఆయన్ని పంపింది నేనే. అమ్మాయి గని దగ్గరుందని నాకు తెలిసిపోయిందని కూడా నేనే చెప్పాను. ఇక ఆయన ఎండని నమ్ముకుని కూర్చోలేడు.

రస్క్ దగ్గరికి వెళ్ళి ఫోను ముందు పెట్టాను. రెండు ముక్కల్లో చెప్పాను.

"లేసు రెండు చుట్లు చుట్టాడని చెమా నటివిదాద్‌ని అనుమానించమంటారా?" అన్నాడు. ఈసారి వెటకారం లేదు, నిజంగానే నోరు తెరిచాడు. "మీ బంధువుని?"

"మీకు నమ్మకం కుదిరేదాకా ఆగను. నోరు మూసుకుని వినండి, చాలు."

వాకీటాకీ తీశాను. గని దగ్గరికి జీపులో పావుగంట. ఆయన ఈపాటికి చేరి ఉంటాడు. ఆ పావుగంట ఎలాగైనా కొనాలి. మారెన్ చావాల్సిన అవసరం ఆయనకి లేదనిపించాలి. మీట నొక్కే ముందు ఒకసారి గొంతు సవరించుకున్నాను.

"కొంపాద్రె, వినిపిస్తోందా?"

గరగర. తర్వాత ఆయన గొంతు, ఆయాసంగా. "చెప్పండి కొమాద్రె."

"వచ్చెయ్యండి. ఇక వెతకక్కర్లేదు. మొగుడు ఒప్పేసుకున్నాడు. ఊరి రోడ్డు పక్కన పూడ్చిపెట్టాడట. రస్క్ సంకెళ్ళేశాడు. ఎర్రదుమ్మూ గిర్రదుమ్మూ అని నేనే పిచ్చిదానిలా వాగాను."

గున్నర్ బల్ల మీంచి లేచాడు. రస్క్ అతని భుజం మీద చెయ్యేసి, వేలు పెదాల మీద పెట్టి చూపించాడు. ఆ ఒక్క పనికి రస్క్ అంతకుముందు అన్నవన్నీ క్షమించేశాను.

ఒకొటియో పొదల ముళ్ళకొమ్మల్లో గాలి ఈలేస్తోంది.

"పాపం," అన్నాడు చివరికి చెమా. "పాపం ఆ పిల్ల. చూడ్డానికి ఎంత మంచివాడిలా ఉన్నాడు. సరే, వస్తాను. ఇక్కడ ఏమీ లేదు. దిబ్బ అంతా ఖాళీ..."

మాట మధ్యలో, ఆయన మీట ఇంకా నొక్కి ఉండగానే, వెనక నుంచి ఇంకో గొంతు వచ్చింది. ఎండిన ఆకు గీసుకున్నంత సన్నగా.

"నీళ్ళు..."

గున్నర్ నోరు తెరిచాడు. నేను ఒక్క దూకులో అతని నోటి మీద అరచెయ్యి పెట్టి అదిమాను. నా చేతి కింద అతను ఆ పేరుని అరుస్తూనే ఉన్నాడు, చప్పుడు లేకుండా. రస్క్ ముఖంలో రంగు పోయింది. అప్పటికే జీపు తాళాలు నా నడుము నుంచి లాక్కుని, తన మనుషులకి సైగ చేస్తున్నాడు.

వాకీటాకీ ఇంకా మూగగానే ఉంది. ఆయన మీట వదిలేశాడు. వదిలేశాక ఆలోచిస్తున్నాడు. నేను విన్నానా, వినలేదా అని. ఇప్పుడు మాట్లాడాల్సింది నేనే.

"త్వరగా రండి కొంపాద్రె," అన్నాను. "మీరిచ్చిన బురిటో ఇంకా తినలేదు. కలిసి తిందాం."

మళ్ళీ గరగర. ఈసారి ఆయన ఆయాసపడటం లేదు. మా ఆయన పోయిన రోజు నా తల నిమిరి మాట్లాడినప్పటి గొంతు అది, అంతే మెల్లగా, అంతే ఆప్యాయంగా.

"కొమాద్రె," అన్నాడు. "మీ గొంతెందుకు వణుకుతోంది?"